గుడ్ల లెక్క, తల్లుల లెక్క



గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో పులస కొనేవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటుంది. జన ఉందా అని. కత్తిపీట మీద చేప పొట్ట చీరగానే రెండు పొడవాటి సంచులు బయటపడతాయి. పైన పల్చటి పొర. ఆ పొర కింద ఇసుక రేణువుల్లా కిక్కిరిసిన గుడ్లు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపితేనే వందల గుడ్లు చేతికంటుతాయి. మరి జన మొత్తంలో ఎన్ని? లక్షలు. ఒక్క చేప కడుపులో లక్షల గుడ్లు. ఇది కళ్లారా చూసినవాళ్లకు ఒక ఆలోచన రావడం సహజం. ఒక్కో తల్లి ఇన్ని లక్షలు పెడుతుంటే సముద్రంలో చేపలకు కొదవేముంది? మనం ఎంత పడితే మాత్రం తరుగుతాయా? ఇది వంటింటి ఆలోచన మాత్రమే కాదు. 1883లో లండన్‌లో పెద్ద మత్స్య ప్రదర్శన జరిగింది. ఆ కాలపు మహా శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ అక్కడ నిలబడి దాదాపు ఇదే మాట చెప్పారు. కాడ్ వంటి సముద్రపు చేపలు మనిషి పట్టినందువల్ల తరిగేవి కావన్నారు. ఆ నమ్మకం నూరేళ్లు నిలిచింది. అది తప్పని అంకెలతో చూపించడానికి తన వృత్తి జీవితమంతా వెచ్చించిన మనిషి గురించి ఈ పూట చెప్పుకుందాం. ఆయన పేరు ర్యాన్సమ్ మయర్స్. సముద్ర మత్స్య జీవశాస్త్రవేత్త. ఆయన పరిశోధన సారాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే ఇంతే. గుడ్ల లెక్క వేరు, తల్లుల లెక్క వేరు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మయర్స్ 1952లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, లూలా అనే చిన్న ఊళ్లో పుట్టారు. అది పత్తి పండే నేల. సముద్రం అక్కడికి చాలా దూరం. ఆయన మొదట చదివింది భౌతికశాస్త్రం. తర్వాత కెనడా వెళ్లి డల్హౌసీ విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. ఆ పైన అక్కడే జీవశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. ఈ వరస ముఖ్యం. చేపల శాస్త్రంలోకి ఆయన గణితం దారిన వచ్చారు. ఆనాటి శాస్త్రవేత్తల్లో చాలామంది ఒక్కో తీరాన్ని, ఒక్కో చేపను పట్టుకుని జీవితమంతా దాన్నే పరిశీలించేవారు. అది గొప్ప పనే. కాని ఒక్క తీరం లెక్క మాత్రమే చూస్తే ఏటికేడు హెచ్చుతగ్గులే కనిపిస్తాయి. ఒక ఏడాది చేప దండిగా ఉంటుంది, మరో ఏడాది ఉండదు. ఎందుకో అంతుపట్టదు. మయర్స్ వేసిన ప్రశ్న వేరు. ప్రపంచంలోని తీరాలన్నిటి లెక్కలూ ఒకచోట చేర్చి చూస్తే ఏం తెలుస్తుంది? ఆయన అదే చేశారు. ఎక్కడెక్కడి దస్త్రాల్లోనో పడి ఉన్న అంకెలను ఏళ్ల తరబడి కూడబెట్టారు. ఆ ఏడాది సముద్రంలో తల్లిచేపలు ఎన్ని ఉన్నాయి? వాటి పిల్లల్లో పెరిగి వేటకు అందినవి ఎన్ని? ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడమే ఆయన పని. వినడానికి చిన్న పని. దాని కథ తెలియాలంటే మనం ఒకసారి న్యూఫౌండ్‌ల్యాండ్ వెళ్లిరావాలి.

న్యూఫౌండ్‌ల్యాండ్ కెనడా తూర్పు కొసన ఉన్న దీవి. చల్లని సముద్రం, రాతి నేల. వ్యవసాయం అంతంతమాత్రం. దాదాపు 500 ఏళ్లపాటు ఆ దీవిని పోషించింది ఒకే ఒక్క చేప, కాడ్. గడ్డం కింద ఒక్కటే చిన్న మీసం వేలాడుతుంది. ఒంటి పక్కన తెల్లటి గీత తల నుంచి తోక దాకా సాగుతుంది. ఉప్పు పట్టించి ఎండబెడితే నెలల తరబడి చెడదు. యూరప్‌లో చాలామంది దాన్ని తిని బతికారు. వందేళ్లకు పైగా, ఉత్తర కాడ్ అని పిలిచే అక్కడి కాడ్ వేట ఏటా 3 లక్షల టన్నులలోపే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద పెద్ద ట్రాలర్లు వచ్చాయి. మంచుగడ్డల్లోనూ, చలికాలంలోనూ, నడిసముద్రంలోనూ వేటాడే ఓడలు అవి. పట్టిన చేపను ఓడలోనే కోసి గడ్డకట్టించేవి. 1968లో ఒక్క ఏడాదిలో 8 లక్షల టన్నులు పట్టారు. ఆ తర్వాత పడిపోయింది. 1977లో కెనడా తన తీరం నుంచి 200 మైళ్ల దాకా తన హద్దుగా ప్రకటించుకుని విదేశీ ఓడలను బయటికి పంపింది. ఇక చేప మనదే, కోలుకుంటుంది అనుకున్నారు. విదేశీ ఓడలు పోయాయి గాని, వాటి స్థానంలో స్వదేశీ ట్రాలర్లు దిగాయి. ఎంత పట్టవచ్చో ప్రభుత్వం లెక్క కట్టి చెప్పేది. ఆ లెక్కే తప్పింది.

ఎలా తప్పిందో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ తప్పు ఏ తీరంలోనైనా జరగవచ్చు. ఎండాకాలంలో ఎండిపోతున్న ఊరి చెరువును తలచుకోండి. నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ మిగిలిన మడుగులోకి చేరతాయి. అప్పుడు ఆ మడుగులో వల వేసినవాడికి చేపలు దండిగా పడతాయి. వలను మాత్రమే చూస్తే చెరువు నిండా చేపలున్నట్టే ఉంటుంది. చెరువును చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కాడ్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. చేప తగ్గేకొద్దీ మిగిలినవి ఒకచోట గుమిగూడాయి. ట్రాలర్లకు ఆ గుంపులను వెతికి పట్టే పరికరాలున్నాయి. గంటకు ఇంత అని వాళ్ల వలలో పడే చేప తగ్గలేదు. ఆ అంకెను చూసి సముద్రంలో చేప క్షేమంగా ఉందని అధికారులు అనుకున్నారు. ఒడ్డు పక్కన చిన్న పడవల్లో వేటాడేవాళ్లకు మాత్రం తేడా ముందే తెలిసింది. చేప ఒడ్డు దాకా రావడం లేదు, వచ్చినవి చిన్నవి అని 1980లలోనే మొత్తుకున్నారు. వాళ్ల మాటకు విలువ దక్కలేదు. చివరికి 1992 జులై 2న కెనడా మత్స్య శాఖ మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ వేటను ఆపేస్తున్నట్టు ప్రకటించారు. రెండేళ్లకే అనుకున్నారు. పడవల్లో వెళ్లేవాళ్లు, చేపల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు కలిపి దాదాపు 30,000 మందికి బతుకుతెరువు పోయింది. ఆ దేశ చరిత్రలో ఒకేసారి అంతమంది పని కోల్పోయింది అంతకు ముందు లేదు.

ఆ సమయంలో మయర్స్ న్యూఫౌండ్‌ల్యాండ్‌లోనే, ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో ఉద్యోగి. చేప ఏమైపోయింది అన్న ప్రశ్నకు అప్పుడు రెండు జవాబులు బాగా చలామణిలో ఉండేవి. నీళ్లు మరీ చల్లబడ్డాయి, చేప చచ్చిపోయింది లేదా వలస పోయింది అన్నది ఒకటి. సీల్ జంతువులు పెరిగి చేపను తినేశాయి అన్నది రెండోది. రెండింటిలోనూ మనిషి తప్పు లేదు. అందుకే అవి చాలామందికి నచ్చాయి. మయర్స్, ఆయన సహచరుడు జెఫ్రీ హచింగ్స్ పాత దస్త్రాలు తిరగేశారు. 19వ శతాబ్దంలోనూ ఆ సముద్రంలో నీళ్లు గడ్డకట్టే చలి సంవత్సరాలున్నాయి. అప్పుడు కాడ్ బతికి బట్టకట్టింది. మరి ఇప్పుడే ఎందుకు పోయింది? సీల్ తినేది ప్రధానంగా చిన్న చేపలను. సీల్ వల్లే పోయి ఉంటే పిల్ల చేపల చావు పెరిగి ఉండాలి. ఆ ఆనవాలు అంకెల్లో దొరకలేదు. పోయినవి పెద్ద చేపలు, వలకు అందే చేపలు. 1994లో వాళ్లిద్దరూ ప్రచురించిన నిర్ణయం ఒక్కటే. అతిగా వేటాడటమే కారణం. ఈ మాట బయట చెప్పినందుకు మయర్స్‌కు తన శాఖ నుంచి మందలింపు ఎదురైంది. 1997లో ఆయన ప్రభుత్వ ఉద్యోగం విడిచి, తాను చదువుకున్న డల్హౌసీ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడిగా చేరారు. తర్వాతి పదేళ్లు ఆయన చేసిన పనే ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది.

ఇప్పుడు మళ్లీ మన జన దగ్గరికి వద్దాం. ఎదిగిన ఆడ కాడ్ ఒక ఏడాదిలో లక్షల గుడ్లు పెడుతుంది. బాగా పెద్దదైతే పదుల లక్షలు. గుడ్డు గసగస గింజంత ఉంటుంది. నీటి పైపొరలో తేలుతుంది. దాన్ని తినని జీవి లేదు. పిల్లగా బయటికి వచ్చాక దాని నోటికి సరిపడే సూక్ష్మజీవులు ఆ రోజుల్లోనే, ఆ చోటనే ఉండాలి. లేకపోతే ఆకలితో చస్తుంది. నీటి ప్రవాహం తప్పుదారిన తీసుకుపోతే చస్తుంది. అది దాటితే చిన్న చేపగా ఇంకో పెద్ద చేపకు ఆహారమవుతుంది. ఇవన్నీ గడిచి తానూ తల్లి కావడానికి ఆ చల్లటి నీళ్లలో అయిదారేళ్లు పడుతుంది. మరి లక్షల గుడ్లలో చివరికి తల్లులయ్యేవి ఎన్ని? మయర్స్ బృందం 1999లో ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. 700కు పైగా చేపల జనాభాల లెక్కలు తీసుకుంది. పోటీ తక్కువగా ఉండి, తిండి దండిగా దొరికే అనుకూల పరిస్థితిలో కూడా ఒక్కో తల్లిచేప ఏడాదికి తన తర్వాతి తరానికి అందించే తల్లిచేపలు ఎన్ని? చాలా జాతుల్లో ఒకటి నుంచి ఏడు వరకు. మరోసారి చెబుతాను. లక్షల గుడ్లు. వాటి నుంచి చివరికి ఎదిగే తల్లులు ఒకటి నుంచి ఏడు. ఇంకా విశేషం ఏమంటే, ఎక్కువ గుడ్లు పెట్టే జాతికీ తక్కువ గుడ్లు పెట్టే జాతికీ ఈ అంకెలో పెద్ద తేడా లేదు. ఏనుగుకూ ఆవుకూ లక్షల పిల్లలు పుట్టవు కదా, చేప వాటిలా కాదు అని మనం అనుకుంటాం. చివరి లెక్కకు వచ్చేసరికి చేప మనం అనుకున్నంత దూరంలో లేదు. అందుకే అన్నాను, గుడ్ల లెక్క వేరు, తల్లుల లెక్క వేరు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. పిల్లలు బతకడం, చావడం గాలి, నీరు, ఆహారం మీద ఆధారపడి ఉన్నప్పుడు తల్లులు ఎన్ని ఉంటే ఏమిటి? తల్లులు తక్కువగా ఉన్న ఏడాది కూడా ఒక్కోసారి పిల్లలు విరగబడి పుడతాయి కదా? ఇది చాలామంది మత్స్య శాస్త్రవేత్తలు నిజాయితీగా నమ్మిన మాట. ఇందులో సత్యం కూడా ఉంది. మయర్స్ దీన్ని తోసిపుచ్చలేదు, పరీక్షించారు. 1996లో మూడు వందలకు పైగా జనాభాల అంకెలు తీసుకుని సూటి ప్రశ్నలు వేశారు. పిల్లలు అన్నిటికంటే ఎక్కువ పుట్టిన ఏడాది తల్లులు ఎక్కువగా ఉన్నాయా? అన్నిటికంటే తక్కువ పుట్టిన ఏడాది తల్లులు తక్కువగా ఉన్నాయా? ఒక్కో తీరంలో జవాబు అటూ ఇటూ ఊగింది. అన్నిటినీ కలిపి చూస్తే స్పష్టంగా అవునని వచ్చింది. రైతు సోదరులకు ఇది కొత్త మాట కాదు. పంట వాన మీద ఆధారపడుతుంది, నిజమే. వాన లేని ఏడాది వేసిన విత్తనం మట్టిపాలవుతుంది, అదీ నిజమే. అంతమాత్రాన విత్తనపు గాదెను ఖాళీ చేసుకునే రైతు ఉంటాడా? మంచి వాన పడిన ఏడాది చేతిలో విత్తనం లేకపోతే ఆ వాన ఎందుకు? సముద్రంలో తల్లిచేపలే ఆ విత్తనపు గాదె. పైగా వయసు మళ్లిన పెద్ద తల్లులు ఎక్కువ రోజులపాటు గుడ్లు పెడతాయని హచింగ్స్, మయర్స్ కాడ్‌లోనే గమనించారు. ఎక్కువ రోజులు పెడితే, ఆ రోజుల్లో ఏదో ఒకటి పిల్లలకు కలిసొస్తుంది. వలలు ముందు తీసుకుపోయేది ఆ పెద్ద తల్లులనే.

మరో అభ్యంతరం ఇంకా కఠినమైనది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అతివేటే కారణమైతే, వేట ఆపాక చేప తిరిగి రావాలి కదా? మయర్స్ కూడా అలాగే అనుకున్నారు. తగ్గిపోయిన చేపల జనాభాలు చాలావరకు కోలుకోగలవని 1995లో ఆయన బృందం అంకెలతో వాదించింది. ఉత్తర కాడ్ మాత్రం ఆ మాట వినలేదు. రెండేళ్లు గడిచాయి, పదేళ్లు గడిచాయి, చేప రాలేదు. ఇక్కడ ఆయన అంచనా తప్పింది. కాడ్ తినే కాపెలిన్ అనే చిన్న చేప అదే కాలంలో పడిపోవడం వంటి కారణాలు తర్వాత బయటపడ్డాయి. అంటే చలికీ, ఆహారానికీ మొదట ఆయన ఇచ్చినదానికంటే కొంచెం ఎక్కువ పాత్ర ఇవ్వాలి. కాని ఇది ఆయన అసలు వాదాన్ని బలహీనపరచలేదు, మరింత బలపరిచింది. తల్లులు పోతే అవి వాటంతట అవే తిరిగి వస్తాయన్న భరోసా కూడా లేదని తేలింది. ఖాళీ చేసినంత తేలికగా నింపలేం అన్నమాట.

ఆయన అందరికీ తెలిసింది 2003లో. బోరిస్ వర్మ్‌తో కలిసి నేచర్ పత్రికలో రాసిన వ్యాసం అది. సముద్రంలో మైళ్ల పొడవు తాడుకు వేల గాలాలు కట్టి ట్యూనాలు, కొమ్ముకోనాల వంటి పెద్ద చేపలను పట్టే ఓడలున్నాయి. జపాన్ ఓడల దస్త్రాలు 1950ల నుంచి ఉన్నాయి. కొత్త నీళ్లలోకి వెళ్లిన తొలి రోజుల్లో 100 గాలాలకు 6 నుంచి 12 చేపలు పడేవి. పదేళ్లు తిరిగేసరికి ఒకటీ రెండూ పడటమే గగనమైంది. పెద్ద చేపల్లో 90 శాతం పోయాయని వాళ్ల అంచనా. దీనిపై ట్యూనా శాస్త్రవేత్తలు గట్టిగా అడ్డం తిరిగారు. గాలానికి పడటం తగ్గినంత మాత్రాన చేప అంతే తగ్గినట్టు కాదన్నారు. కొన్ని ట్యూనా జాతుల విషయంలో వాళ్లదే సబబు, ఆ అంకె అన్నిటికీ వర్తించదు. అయితే ఏ వైపు నడుస్తున్నామో చెప్పడంలో మయర్స్ పొరబడలేదని నా అభిప్రాయం. నాకు ఆయన పనుల్లో ఇంతకంటే విలువైనదిగా తోచేది 1998 నాటి ఇంకో చిన్న పరిశోధన. మన టేకు చేప కోవకు చెందిన ఒక పెద్ద చేప ఉంది. కొట్టం తలుపంత వెడల్పు అని అక్కడివాళ్లు దానికి ఆ పేరే పెట్టారు. దాన్ని ఎవరూ కావాలని పట్టలేదు. కాడ్ కోసం వేసిన వలలో పడేది, పారేసేవారు. అది కనుమరుగవుతోందని నలభై ఏళ్లపాటు ఒక్కరూ గమనించలేదు. విలువ లేని చేపకు లెక్క కూడా లేదు. మయర్స్, ఆయన శిష్యురాలు జిల్ కేసీ పాత వలల లెక్కలు తీసి ఆ సంగతి చూపించారు. ఆ చేప లోతు నీళ్లలో ఇంకా ఉందని తర్వాత తేలింది. కొన్ని చోట్ల వేట ఆపాక కోలుకుంది కూడా. ఆపితే ఫలితం ఉంటుందనడానికి అదీ ఒక సాక్ష్యమే.

ఇక మన తీరం సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు, ఇంజిను బోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. లక్షల గుడ్లు పెట్టే చేపకు ఈ రెండు నెలల నిషేధం ఎందుకు అని అడిగేవారున్నారు. దానికి జవాబు మీరు ఇంతసేపూ విన్నారు. అన్ని చేపలూ ఈ 61 రోజుల్లోనే గుడ్లు పెట్టవు కదా అని ఇంకొకరు అడుగుతారు. అది సరైన ప్రశ్న. పులసే చూడండి, అది గోదావరి ఎక్కేది వరదల్లో, నిషేధం ముగిశాక. కాబట్టి ఈ విరామం ఒక్కటే సరిపోదు. వల కన్ను పెద్దదిగా ఉండాలి. ఇంకా తల్లి కాని చిన్న చేపను కోళ్ల మేత కోసం టన్నులకొద్దీ తేవడం ఆగాలి. అన్నిటికంటే బలమైన అభ్యంతరం మత్స్యకారుల ఇళ్లలోంచి వస్తుంది. రెండు నెలలు పొయ్యి ఎలా వెలగాలి అని. ఆ ప్రశ్న ముందు ఏ శాస్త్రవేత్తా తల ఎగరేయకూడదు. విరామ కాలపు భృతి సమయానికి, అర్హులందరికీ అందాలి. అది దయ కాదు, సముద్రపు విత్తనపు గాదెకు కాపలా కాసినందుకు కూలి. అలాగే లెక్కలు కట్టేటప్పుడు ఒడ్డు పక్క చిన్న తెప్పవాడి మాటను కూడా లెక్కలోకి తీసుకోవాలి. న్యూఫౌండ్‌ల్యాండ్‌లో ముందుగా నిజం చెప్పింది వాళ్లే.

మయర్స్ 2007 మార్చి 27న, మెదడులో కణితి వల్ల, 54 ఏళ్లకే కన్నుమూశారు. సొరచేపల తరుగుదల మీద ఆయన బృందం రాసిన వ్యాసం ఆ తర్వాత మూడు రోజులకు సైన్స్ పత్రికలో వచ్చింది. ఆయన కూడబెట్టిన తల్లులూ పిల్లల లెక్కల భాండారాన్ని సహచరులు పెంచి, ఆయన పేరుతోనే అందరికీ తెరిచి ఉంచారు. ఇక రెండేళ్లకే అనుకున్న ఆ కాడ్ వేట నిషేధం. దాన్ని కెనడా ప్రభుత్వం ఎత్తివేసింది 2024 జూన్‌లో, 32 ఏళ్ల తర్వాత. 1968లో 8 లక్షల టన్నులు పట్టిన ఆ సముద్రంలో ఆ ఏడాదికి పట్టుకోవచ్చని అనుమతించింది 18,000 టన్నులు.